అపార్టుమెంటు భవనములకు విద్యుద్భారమును లెక్కించు విధము

ఒక్క భవనమున పది పన్నెండు కుటుంబములు అంతస్తుపై అంతస్తుగా కాపురముండుట మన పట్టణములలో నిప్పుడు సామాన్యమైనది. ఆ కుటుంబములన్నిటికి నీటితొట్టి యొకటి, మెట్లదారి యొకటి, వీధినుండి విద్యుచ్ఛక్తిని లోనికి దెచ్చు ప్రధానపు తీగయు నొకటియే. నీటితొట్టి చాలకున్న యెడల ఆ సంగతి మరునాటి యుదయముననే యందఱకు దెలియును. తీగ చాలకున్నచో అట్లు తెలియదు. అది గొట్టములో నిశ్శబ్దముగా వేడెక్కుచుండును. దాని పైపొర మెల్లమెల్లగా నెండి పెళుసగును. ఒకనాటి రాత్రి, అందఱును నిద్రించు వేళ, కొఱత బయల్పడును. కావున ఆ తీగ యెంత భారమును మోయవలసియుండునో ముందుగా లెక్కించు విధమును మన విద్యార్థులకు బోధింపదలచితిమి. ఇందులకు కూడిక, గుణకారము, భాగహారము, ఒక్క వర్గమూలము తప్ప వేఱు గణితము అక్కఱలేదు.

గోపురము గట్టదలచినవాడు పునాదికి ముందే లెక్క చూచుకొనవలెనను ఉపమానమును మీరు లూకా సువార్తలో చదివియున్నారు. ఆ బుద్ధి రూపాయలకే గాదు, వాట్లకును చెల్లును.

1. భారమనగా నేమి?

నీటిగొట్టముతో పోల్చిన ఈ సంగతి సులభముగా బోధపడును. నీటిని ముందునకు ద్రోయు ఒత్తిడి వంటిది వోల్టు. గొట్టమున పాఱు ప్రవాహము వంటిది ఆంపియరు. ఈ రెంటిని హెచ్చవేయగా వచ్చునది వాటు. వేయి వాట్లు ఒక కిలోవాటు. మన దేశమున ఇండ్లకు వచ్చు ఒంటి ఫేజు సరఫరా 230 వోల్టులు. మూడు ఫేజుల సరఫరాలో ఒక ఫేజు తీగకును మఱియొక ఫేజు తీగకును నడుమ 400 వోల్టులు. 2000 వాట్ల గీజరు ఎంత ప్రవాహమును లాగుకొనును? 2000ను 230చే భాగింపగా సుమారు 8.7 ఆంపియర్లు.

తీగను వేడిచేయునది ఈ ప్రవాహమే. ఆ వేడిమి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగునని జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అను ఆంగ్లేయుడు 1841లో ప్రకటించెను. ప్రవాహము రెండింతలైన వేడిమి నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. ఇండ్లలో సాధారణముగా వాడు పి.వి.సి. పొరగల తీగలో లోహము ఎడతెగక 70 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కరాదు. మే నెలలో గాలియే 40 డిగ్రీలు దాటు మన ప్రాంతములలో, ఆ 70కి మిగిలిన దూరము చాల స్వల్పము. చలిదేశములలో సుఖముగా పనిచేయు తీగ మన యొద్ద అంత భారమును మోయజాలదని దీనివలన గ్రహింపవలెను.

2. ఉన్నవానినన్నిటిని కూడుట

లెక్కలో మొదటి మెట్టు జాబితా. ఉదాహరణమునకు మూడు అంతస్తులు, అంతస్తునకు నాలుగు ఇండ్లు, మొత్తము 12 ఇండ్లు గల భవనమును దీసికొందము. వంట గ్యాసుపై జరుగుచున్నది. ఒక్కొక్క ఇంట నున్న ఉపకరణములు ఇవి యనుకొందము:

దీపములు 10, ఒక్కొక్కటి 10 వాట్లు: 100 వాట్లు
ఫ్యానులు 4, ఒక్కొక్కటి 75 వాట్లు: 300 వాట్లు
టెలివిజను, తదితర చిన్న సామగ్రి: 200 వాట్లు
రిఫ్రిజిరేటరు: 200 వాట్లు
మిక్సీ: 700 వాట్లు
ఇస్త్రీపెట్టె: 1000 వాట్లు
బట్టలుతుకు యంత్రము: 500 వాట్లు
గీజరు: 2000 వాట్లు
ఏ.సీ.లు 2, ఒక్కొక్కటి 1500 వాట్లు: 3000 వాట్లు

మొత్తము 8000 వాట్లు, అనగా 8 కిలోవాట్లు. పన్నెండు ఇండ్లకు 96 కిలోవాట్లు.

ఇక అందఱకు నుమ్మడియైన భారము. నీటిమోటారు 5 హార్సుపవరు; లిఫ్టు మోటారు 5 హార్సుపవరు. ఒక హార్సుపవరు 746 వాట్లు కావున 5 హార్సుపవరులు 3730 వాట్లు. అయితే ఇచ్చట విద్యార్థులు జాగరూకులై యుండవలెను. మోటారు బిళ్లపై వ్రాసిన హార్సుపవరు అది చేయు పనియే గాని, అది పుచ్చుకొను విద్యుత్తు గాదు. నూఱు వంతులు పుచ్చుకొని 85 వంతుల పని చేయు మోటారైనచో, 3730ని 0.85చే భాగింపగా సుమారు 4390 వాట్లు పుచ్చుకొనును. రెండు మోటారులకు 8780 వాట్లు. మెట్లకడ, వాహనములు నిలుపు చోట వెలుగు 20 దీపములకు 200 వాట్లు. మొత్తము సుమారు 9 కిలోవాట్లు.

కాబట్టి భవనమున నున్న ఉపకరణముల భారమంతయు 96కు 9 చేర్చగా 105 కిలోవాట్లు.

3. అన్నియు నొక్కసారి నడచునా?

ఈ 105 కిలోవాట్లకే ప్రధానపు తీగను వేసిన యెడల ప్రమాదము లేదు. కాని వ్యయము వ్యర్థము. మండువేసవి రాత్రి ఏ.సీ. నడుపువాడు అదే గడియలో గీజరు వేసి, ఇస్త్రీ చేయుచు, మిక్సీ త్రిప్పుచుండడు గదా! పన్నెండు కుటుంబములు ఏకకాలమున అట్లు చేయుట మఱింత అసంభవము.

ఈ సత్యమును వ్యాపారమునకు మూలసూత్రముగా జేసికొన్నవాడు శామ్యూల్ ఇన్సల్. అతడు 1859లో లండను నగరమున జన్మించి, తరువాత థామస్ ఎడిసనునకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేసెను. ఎడిసను 1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్కేంద్రమును నడపింప నారంభించెను. ఇన్సల్ 1892లో చికాగోకు బోయి అచ్చటి ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. చికాగోలోని యొక వీధిగుంపునందలి అపార్టుమెంటులను పరీక్షించి, ఒక్కొక్క ఇంటి అత్యధిక భారములను విడివిడిగా కూడిన మొత్తము, ఆ యిండ్లన్నియు కలిసి నిజముగా మోపిన అత్యధిక భారమునకు మూడింతలను మించియున్నదని అతడు చూపెను. ఒకరు దీపమార్పువేళ మఱియొకరు వెలిగించుచుండిరి; కావున చిన్న యంత్రమే పెక్కుమందికి చాలెను. ఇంజనీర్లు దీనినే డైవర్సిటీ యందురు. కలిసి కాపురముండుటవలన కలుగు లాభము అని మనము చెప్పుకొనవచ్చును.

అయితే ఈ లాభము జనసంఖ్యను బట్టి యుండును. ఒక్క ఇంటిలో నొకనాడు రెండు ఏ.సీ.లు, గీజరు, ఇస్త్రీపెట్టె కలిసి నడచుట సాధ్యమే. కావున ఒక్క ఇంటి తీగకు ఎక్కువ తగ్గింపు ఈయరాదు. ఇండ్లు పెరిగినకొలది తగ్గింపు పెంపవచ్చును.

4. వేళలను బట్టి లెక్కించుట

తగ్గింపు ఎంత యనుట ఊహకు విడువరాదు. దినములోని కఠినమైన వేళలను ఏర్పఱచుకొని, ఆ వేళకు నడచునవి యేవో విడివిడిగా కూడవలెను.

మొదట చలికాలపు ఉదయము, ఏడు గంటల వేళ. ఆఱు ఇండ్లలో గీజర్లు 12 కిలోవాట్లు; నాలుగు మిక్సీలు 2.8, మూడు ఇస్త్రీపెట్టెలు 3, మూడు బట్టలుతుకు యంత్రములు 1.5, రిఫ్రిజిరేటర్లన్నియు 2.4, ఫ్యానులలో సగము 1.8; దీపములలో సగము 0.6, టెలివిజను మున్నగువానిలో నాలుగవ వంతు 0.6, ఉమ్మడి భారము పూర్తిగా 9. మొత్తము 33.7 కిలోవాట్లు.

ఇక మే నెల రాత్రి, పది గంటల వేళ. పన్నెండు ఇండ్ల ఏ.సీ.లన్నియు 36 కిలోవాట్లు, ఫ్యానులన్నియు 3.6, రిఫ్రిజిరేటర్లన్నియు 2.4, దీపములలో సగము 0.6, టెలివిజను మున్నగువానిలో సగము 1.2, ఒక ఇస్త్రీపెట్టె 1, ఉమ్మడి భారము 9. మొత్తము 53.8 కిలోవాట్లు.

ఏ.సీ.లకు తగ్గింపు ఏల యీయలేదని మీరడుగవచ్చును. గీజరును ఒకరు ఆఱింటికి, ఒకరు ఎనిమిదింటికి వేసికొందురు. అది కుటుంబపు అలవాటును బట్టి యుండును. ఉక్కపోతయో, పన్నెండు ఇండ్లకును ఒక్కమాఱే వచ్చును. అందఱ బిడ్డలును ఒకే రాత్రి నిద్రపట్టక బాధపడుదురు. గది చల్లబడిన పిమ్మట యంత్రము ఆగియాగి నడచుట నిజమే. గాని గోడలు వేడి కక్కు రాత్రులలో అట్లు ఆగుట అరుదు. మనుష్యుల యిష్టముచే నడచు ఉపకరణములకు తగ్గింపు తగును. ఆకాశముచే నడచువానికి తగదు. ఈ పాఠమంతటిలో ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రమిదియే.

కావున మన భవనమునకు లెక్కింపవలసిన భారము 53.8 కిలోవాట్లు, అనగా ఉన్నదానిలో నూటికి సుమారు 51 వంతులు.

5. అన్యదేశపు పట్టికను గూర్చి హెచ్చరిక

అమెరికా దేశమున 1897లో మొదట ప్రకటింపబడిన జాతీయ విద్యుత్ నియమావళిలో ఇట్టి భవనములకొక సులభమైన పట్టిక కలదు. 2023వ సంవత్సరపు ముద్రణము ననుసరించి, 3 మొదలు 5 ఇండ్ల వఱకు మొత్తము భారములో నూటికి 45 వంతులు లెక్కింపవచ్చును. 12 ఇండ్లకు 41 వంతులు. 62 ఇండ్లకును ఆపైవానికిని 23 వంతులు. ఇండ్లు పెరిగినకొలది తగ్గింపు పెరుగునని మేము పైన చెప్పినది ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది.

పట్టిక యుండగా ఇంత శ్రమ యేల యని తలంపకుడు. మన 96 కిలోవాట్లలో 41 వంతులు దీసిన 39.4 వచ్చును. మనము మే రాత్రికి ఉమ్మడి భారము విడిచి కట్టిన లెక్క 44.8. అనగా పట్టికను గ్రుడ్డిగా వాడినచో 5 కిలోవాట్లకు పైగా తక్కువ వచ్చెను. పట్టిక తప్పా? కాదు. ప్రతి ఇంట విద్యుత్తుతోనే వంట జరుగుచుండవలెననియు, గది వెచ్చజేయు లేక చల్లజేయు యంత్రముండవలెననియు ఆ పట్టికకు నిబంధనలు కలవు. అట్టి ఇంటి మొత్తములో పెద్ద విద్యుత్పొయ్యి చేరియుండుటచే ఏ.సీ. వంతు చిన్నది. మన ఇంట పొయ్యి గ్యాసుది. 8 కిలోవాట్లలో 3 ఏ.సీ.లవే. నిబంధన విడిచి సంఖ్యను మాత్రము ఎరువు దెచ్చుకొన్నవాడు ఇట్లు మోసపోవును. గణితమున సూత్రము ఎంత ముఖ్యమో, అది యెచ్చట చెల్లుననుటయు అంత ముఖ్యము.

6. కిలోవాట్లనుండి ఆంపియర్లకు

మూడు ఫేజుల సరఫరాలో ప్రవాహమును కనుగొనుటకు వాట్లను మూడింటి వర్గమూలముచేతను, 400 వోల్టులచేతను, పవరు ఫ్యాక్టరుచేతను భాగింపవలెను. మోటారులు గల భారమునకు పవరు ఫ్యాక్టరు 1 కంటె తక్కువ, ఇచ్చట 0.9 అనుకొందము. 1.732ను 400చేతను 0.9చేతను హెచ్చవేయగా 623.5. అప్పుడు 53,800ను 623.5చే భాగింపగా సుమారు 86.3 ఆంపియర్లు.

రేపటి యవసరములకై నూటికి 25 వంతులు చేర్చినచో 108 ఆంపియర్లు. దీనికి పైన దొరకు కొలత 125 ఆంపియర్ల మెయిన్ స్విచ్చి. స్విచ్చి తీగకు కావలివాడు. కావున మన వేడిమిలో ఆ తీగ మోయగలది 125 ఆంపియర్లకు తగ్గియుండరాదు. ఈ క్రమము తలక్రిందులైన, అనగా తీగ సన్నమై స్విచ్చి పెద్దదైన, కావలివాడు మేల్కొనకముందే ఇల్లు కాలును.

భవనమునకు ప్రత్యేకముగా ట్రాన్స్‌ఫార్మరు వేయవలసివచ్చిన యెడల, 53.8ను 0.9చే భాగింపగా 59.8 కిలోవోల్టాంపియర్లు. 63 కొలత నేటికి చాలును గాని మిగులు లేదు. 25 వంతులు చేర్చిన 74.7 అగును కావున తరువాతి కొలతయైన 100 వేయుట వివేకము.

ఇంతటితో పని ముగియలేదు. పన్నెండు ఇండ్లను మూడు ఫేజులకు నాలుగేసి చొప్పున పంచవలెను. ఒక్కొక్క ఇల్లు మే రాత్రి సుమారు 18 ఆంపియర్లు లాగును. నాలుగు ఇండ్లకు 72. ఉమ్మడి భారమునకు ఫేజునకు 14.4, మొత్తము 86.4. ఒకడు అజాగ్రత్తచే ఒక ఫేజుపై ఆఱు ఇండ్లను, తక్కిన రెంటిపై మూడేసి ఇండ్లను ఉంచెననుకొనుడు. ఆ యొక్క ఫేజున 108కి 14.4 చేర్చగా 122.4 ఆంపియర్లు పాఱును. భవనపు మొత్తము భారము ఒక్క వాటైనను పెరుగలేదు. అయినను ఆ తీగలో ప్రవాహము సుమారు ఐదింట రెండు వంతులు హెచ్చెను. జౌల్ సూత్రము ప్రకారము వేడిమి రెండింతలయ్యెను. రేపటికని దాచిన 25 వంతుల మిగులును ఆ యజాగ్రత్త మ్రింగివేసెను.

7. రేపటి భారము

మిగులు ఏల యుంచవలెనో యొక్క ఉదాహరణముతో చెప్పెదము. ఇప్పుడు మన వీధులలో విద్యుత్తుతో నడచు కారులు తిరుగుచున్నవి. ఇంటివద్ద మెల్లగా నింపు చార్జరు 3.3 కిలోవాట్లు లాగుననుకొందము. పన్నెండు కుటుంబములు పని ముగించుకొని వచ్చి రాత్రి పదింటికే కారులను తగిలించిన 39.6 కిలోవాట్లు చేరి, మొత్తము 93.4 అగును, మన తీగ యోర్వదు. నలుగురు చొప్పున వంతులు వేసికొన్నచో 13.2 మాత్రమే చేరి 67.0 అగును. 53.8కి 25 వంతులు చేర్చిన 67.25 గదా! వంతులు వేసికొనుటచే ఆ భవనము అదే తీగతో గడచును. అయితే పిదప చేరు మఱి యే యంత్రమునకును అందు చోటులేదు.

8. ఇరుగుపొరుగుల ధర్మము

ఈ లెక్కయంతయు నిజము చెప్పుటపై నిలిచియున్నది. ప్రతి కుటుంబమునకు మనము చూపిన తగ్గింపు తక్కిన కుటుంబముల మితమునుండి వచ్చినదే. ఒక గృహస్థుడు తన యింట మూడవ ఏ.సీ. పెట్టించి, విద్యుత్ సంస్థకు తెలిపి తన లోడు పెంచుకొనక యూరకున్నచో, వాడిన యూనిట్లకు బిల్లు తానే చెల్లించుచున్నాడుగదా యని సమాధానపడవచ్చును. కాని ఉమ్మడి తీగలో పుట్టు వేడిమికి బిల్లు రాదు. దాని వెల పై అంతస్తున నిద్రించు పసిబిడ్డ చెల్లింపవలసిరావచ్చును. పొరుగువానియెడల ప్రేమ అనునది పండుగనాడు పిండివంటలు పంచుటలోనే గాక, ఇట్టి చిన్న కాగితమును నింపి పంపుటలోను కలదు.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున లావైన రాగితీగ చుట్టు నలవాటు కొన్నియిండ్ల కలదు. అది కుక్క మొఱుగుచున్నదని దాని మూతి కట్టి, తలుపు తీసి నిద్రించుట వంటిది. ఫ్యూజు పోయిన యెడల భారమును తగ్గింపవలెను. లేదా అనుమతి గల పనివానిచే తీగను మార్పింపవలెను.

అభ్యాసములు

1. పై భవనమున గీజర్లు ఒక్కొక్కటి 3000 వాట్లవైనచో ఉదయపు భారమెంత? అది రాత్రి భారమును మించునా?

2. మూడు ఇండ్లలో మూడవ ఏ.సీ. పెట్టినచో మే రాత్రి భారమెన్ని కిలోవాట్లు? ఎన్ని ఆంపియర్లు?

3. ఫేజులపై ఇండ్లను 5, 4, 3గా పంచిన, అధికభారము గల ఫేజున ఎన్ని ఆంపియర్లు పాఱును?

జవాబులు: మొదటిదానికి 39.7 కిలోవాట్లు, మించదు. రెండవదానికి 58.3 కిలోవాట్లు, సుమారు 93.5 ఆంపియర్లు. మూడవదానికి 104.4 ఆంపియర్లు.

విద్యార్థులు ఈ సెలవులలో తమ యింటి ఉపకరణముల బిళ్లలపై నున్న వాట్లను ఒక కాగితమున వ్రాసి, నడచు వేళలను ప్రక్కన గుర్తించి, తలిదండ్రులకు చూపవలెనని కోరుచున్నాము. మీటరు పెట్టెను గాని మెయిన్ స్విచ్చిని గాని విద్యార్థులు తెఱవరాదు. వారి పని కాగితము, పెన్సిలు మాత్రమే. తలిదండ్రులు ఆ కాగితమును దీసికొని, తమ భవన సంఘము కూడినప్పుడు మన ప్రధానపు తీగ యెన్ని ఆంపియర్లది, ఎవరి యిల్లు ఏ ఫేజుపై నున్నది అను ఈ రెండు ప్రశ్నలను అడుగుదురేని, ఈ పాఠము వ్రాసిన మా శ్రమ ఫలించినట్లే.